పశువు నమూనా లేని జన్యుక్రమ పరీక్ష

సంపాదక మహాశయులకు,

జంతువుల నుంచి మనుషులకు సోకే బ్యాక్టీరియా వ్యాధుల వార్తలు చాలావరకు ‘నమూనాలను జన్యుక్రమ పరీక్షకు పంపారు’ అన్న మాటతో ముగుస్తున్నాయి. ఆ నమూనాలు ఎవరివన్న ప్రశ్న మాత్రం అరుదుగా కనిపిస్తోంది. రోగి నమూనా ఒక్కటే వెళ్తే, వ్యాధి ఎక్కడి నుంచి వచ్చిందన్న అసలు ప్రశ్నకు ఆ పరీక్ష జవాబు చెప్పలేదని గుర్తుచేయడానికే ఈ లేఖ.

బ్యాక్టీరియా డీఎన్‌ఏను అక్షరం అక్షరంగా చదివే ఈ పరీక్ష విలువను నేను తక్కువ చేయడం లేదు. పశువుల్లో క్షయను కలిగించి, కాచని పాల ద్వారా మనిషికీ సోకే మైకోబ్యాక్టీరియం బోవిస్ సంపూర్ణ జన్యుక్రమం 2003లో వెలువడింది. అందులోని సుమారు 43 లక్షల అక్షరాలు మనుషుల క్షయ బ్యాక్టీరియాతో 99.95 శాతానికి పైగా సరిపోలాయి. సూక్ష్మదర్శినిలో రెండింటికీ తేడా తెలియదు, రోగిలో కనిపించే లక్షణాలను బట్టీ చెప్పలేము. అయినా ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం వేరుగా ఉన్నందువల్ల, క్షయ చికిత్సలో ముఖ్యమైన పైరజినమైడ్ మందు సాధారణంగా బోవిస్ మీద పనిచేయదు. అంత చిన్న తేడాను పట్టుకుని వైద్యుడికి చెప్పగలగడం నా దృష్టిలో చాలా గొప్ప విషయం.

అయితే ఇదే బోవిస్ ఆ పరీక్షకున్న హద్దునూ చూపిస్తుంది. దాని జన్యుక్రమంలో ఒక్క అక్షరం మారడానికి ఏళ్లు పడుతుంది కనుక, రెండు నమూనాలు అచ్చంగా ఒకేలా ఉన్నా, ఏది దేని నుంచి వచ్చిందో అక్షరాలను బట్టి మాత్రమే తేల్చలేము. బ్రిటన్‌లో పశువుల నమూనాలనూ, బ్యాడ్జర్లనే అడవి జంతువుల నమూనాలనూ ఏళ్ల తరబడి భద్రపరిచి, పశువుల రాకపోకల వివరాలతో కలిపి చూసినందువల్లనే వ్యాధి ఇరువైపులా పాకుతోందని చెప్పగలిగారు.

2011లో జర్మనీలో 3,800 మందికి పైగా అస్వస్థులై, 50 మందికి పైగా మరణించిన ఈ.కోలై వ్యాధిలో ఆ బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని కొద్ది రోజుల్లోనే చదివేశారు. అయినా మొదట దోసకాయలను అనుమానించడంతో, ఏ తప్పూ లేని రైతులు నష్టపోయారు. కారణం మొలకలేనని తేలింది, రోగులు ఏం తిన్నారో ఓపికగా అడిగి, ఆ సరుకు వచ్చిన దారిని వెతికిన తరువాతనే.

అందువల్ల నమూనా తీసిన తేదీ, ప్రాంతం, అది ఏ జంతువుదన్న వివరం జన్యుక్రమంతో పాటే నమోదు కావాలి. పశువైద్య ప్రయోగశాలల సమాచారం, ఆసుపత్రుల సమాచారం ఒకే చోట పోల్చి చూసే వీలుండాలి. పశువుల నుంచి మనుషులకూ సోకే బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా వల్ల చూడి పశువుకు గర్భస్రావమైనప్పుడు పరీక్ష చేయించకుండా పూడ్చిపెడితే, తరువాత జ్వరంతో వచ్చే మనిషి నమూనాను పోల్చడానికి ఏమీ మిగలదు. మంద పేరు బయటపడితే పాలు అమ్ముడుపోవేమోనన్న భయం రైతుకు ఉండటం సహజం. వివరాలను గోప్యంగా ఉంచి, పశువును కోల్పోతే పరిహారం చెల్లిస్తామన్న హామీ ఇవ్వకుండా నమూనా ఇమ్మని అడగడం న్యాయం కాదు.

ఇకపై ఇటువంటి వార్త రాసేటప్పుడు, పశువుల నమూనాలను కూడా పరీక్షించారా అని మీ విలేకరులు అధికారులను అడగాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు