గది మారితే రక్తపరీక్ష ధర ఎందుకు మారాలి?

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో మా అమ్మగారికి బెంగళూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే స్టెంటు వేశారు. డిశ్చార్జి రోజున చేతికిచ్చిన పదకొండు పేజీల బిల్లును ఆ రాత్రి పెన్సిలు పట్టుకుని వరుసవరుసా చదివాను. జనరల్ వార్డులో మంచం ఖాళీ లేక రెండు రోజులు సెమీ ప్రైవేటు గదిలో ఉంచారు. ఆ రెండు రోజులూ అదే ల్యాబులో చేసిన అదే రక్తపరీక్షకు, అదే డాక్టరుగారి విజిటుకు ఎక్కువ ధర పడింది. గది అద్దె పెరిగిందంటే ఒప్పుకుంటాను గాని, రక్తపరీక్ష ధర ఎందుకు పెరిగిందో కౌంటరులో ఎవరూ చెప్పలేకపోయారు.

చాలాచోట్ల లక్ష దాటిన మందుపూత స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. అది పెద్ద మేలే. అయితే ఒక వస్తువు ధరకు కళ్లెం వేసినంత మాత్రాన మొత్తం బిల్లు తగ్గదు. స్టెంటు వేసే గది అయిన క్యాథ్ ల్యాబు చార్జీలకు, గ్లవుజులు, సిరంజీల వంటి కన్స్యూమబుల్స్‌కు ఆ కళ్లెం లేదు.

చికిత్సల ధరలనే నియంత్రించాలని అదే ఏడాది కర్ణాటక ప్రభుత్వం చట్ట సవరణకు పూనుకుంది. నవంబరులో రాష్ట్రమంతటా ప్రైవేటు వైద్యులు ఓపీలు మూసి సమ్మె చేయగా, చివరికి ధరల నిర్ణయం ప్రభుత్వ పథకాల రోగులకే పరిమితమైంది. ఆ సవరణలో మొదట పెట్టిన జైలుశిక్ష నిబంధనపై వైద్యుల భయం అర్థం చేసుకోదగినదే. పథకాల బకాయిలు నెలల తరబడి రాకపోతే ఆసుపత్రి ఎలా నడపాలన్న వారి ప్రశ్నలోనూ న్యాయముంది. కాని ఆ లోటు చేతి డబ్బుతో వచ్చే రోగి నెత్తిన పడకూడదు కదా! అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి పొలం కుదువపెట్టి ఇక్కడికి వచ్చేవారిని, అమ్మగారితో ఆసుపత్రిలో ఉన్న పది రోజుల్లో ఎందరినో చూశాను.

బిల్లులోని ప్రతి వరుసా ఎవరో ఒకరి ఆదాయం కాబట్టి, దాన్ని తగ్గించబోతే అడ్డుకునేందుకు సంఘాలున్నాయి. రోగికి సంఘం లేదు. ఇంటికి చేరిన మర్నాటి నుంచి అతడు అప్పు తీర్చే పనిలో పడతాడు. ఉచిత వైద్యానికి కొత్త ఆరోగ్య కార్డు పంచితే ఓట్లొస్తాయి, ధర తగ్గించబోతే సమ్మె వస్తుంది. ఏ పార్టీ అయినా కార్డు వైపే మొగ్గుతోంది.

పరీక్షలకు, డాక్టరు విజిట్లకు గదితో నిమిత్తం లేకుండా ఒకే ధర ఉండాలన్న ఒక్క నిబంధననైనా తేవడానికి సిద్ధమా అని, ఎన్నికలప్పుడు అభ్యర్థులందరినీ మీ పత్రిక అడగాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు