తెర మీద నుంచి చూపు తిప్పని మత్తు డాక్టర్ గారికి

మా నాన్న కుడి మూత్రపిండాన్ని, అందులోని కణితిని తీసేసి నేటికి నెల. సర్జన్ గారికి ఆ రోజే చేతులు పట్టుకుని దండం పెట్టాం. మత్తు డాక్టర్ గారికి మాత్రం ఒక్క మాటైనా చెప్పలేదు. 6 గంటల తర్వాత ఆవిడ బయటకు వచ్చేసరికి మేమంతా నాన్న మంచం వెంట పరుగెత్తుతున్నాం.

మూత్రపిండపు క్యాన్సర్‌కు ఒక పాడు బుద్ధి ఉంది. కొందరిలో అది సిరలోకి పాకుతుంది. నాన్నకు అలాగే, కింది నుంచి గుండెకు రక్తం చేర్చే పెద్ద సిరలోకి తోకలా పెరిగింది. ముందురోజు ఆవిడ మందుల చీటీ వెనుక ఒక గొట్టం, అందులో తోక, పైన గుండె గీసి చూపించారు. "ఈ కొస తెగితే గుండె కుడి గదుల మీదుగా వెళ్లి ఊపిరితిత్తుల్లో అడ్డుపడుతుంది. అందుకే ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గుండెను చూస్తూనే ఉంటాను" అన్నారు. మత్తిచ్చాక నోటి గుండా అన్నవాహికలోకి, ధ్వని తరంగాలతో గుండె బొమ్మను తెర మీద చూపే ఎకో గొట్టం దింపుతారట. అన్నవాహిక గుండెకు సరిగ్గా వెనుకే ఉంటుంది కాబట్టి బొమ్మ స్పష్టంగా వస్తుంది, కోసే చేతులకూ అడ్డుండదు. మింగడం కష్టంగా ఉందా, కదిలే పళ్లున్నాయా అని అంతగా ఎందుకు అడిగారో అప్పుడు తెలిసింది. (కట్టుడు పళ్ల సంగతి నాన్న దాచబోయారు. అమ్మ చెప్పేసింది.)

లోపల జరిగింది తర్వాత సర్జన్ గారే చెప్పారు. 3 వారాల కిందటి స్కానులో కనిపించిన చోటు కంటే తోక కొస పైకి చేరిందని ఎకోలో తేలింది. ఆవిడ చెప్పగానే క్లాంపు వేసే చోటు మార్చారు. సిరను బిగించగానే రక్తపోటు పడిపోయింది. గుండె బలహీనపడిందా, దానికి రక్తమే చాలడం లేదా? తెర మీద గుండె గట్టిగానే కొట్టుకుంటోంది, గదులు మాత్రం సగం ఖాళీ. ఏది ఎంత ఎక్కించాలో ఆ బొమ్మను చూసే నిర్ణయించారు. సిర కుట్టాక, తునకేదీ మిగల్లేదని మళ్లీ ఎకోలోనే చూసుకున్నారు.

రక్తం ఇచ్చినవారెవరో మాకు తెలియదు. వారికీ నమస్కారాలు.

మర్నాడు నాన్న పొట్ట మీద అంత కోత పెట్టుకుని, గొంతు నొప్పి గురించే గొణిగారు. డాక్టర్ గారూ, ఆ గొంతు నొప్పికి మీకు వేయి దండాలు. మీరు బొమ్మ గీసిన చీటీ ఆయన చొక్కా జేబులోనే ఉంది. చూడవచ్చిన వాళ్లందరికీ తీసి, ఆ తోక చూపిస్తున్నారు.