ఒక్క కాగితం కోసం నాలుగు నెలలు తిప్పారు

పాడేరు,
17 నవంబరు 2025.

కస్టమర్ కేర్ విభాగం హెడ్ గారికి,

విషయం: నా ఏఎంటీ కారును (క్లచ్ తొక్కే పని లేకుండా గేర్లు వాటంతట అవే మారే బండి) మాన్యువల్ గేర్లకు మార్చమని అడిగితే నాలుగు నెలలుగా జవాబు ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

మీకు ఇప్పటికి ఆరు మెయిళ్లు పెట్టాను. ఆరింటికీ ఒకటే జవాబు వచ్చింది: "మీ మెయిల్ అందింది, 48 గంటల్లో మిమ్మల్ని సంప్రదిస్తాం" అని. మొదటి మెయిల్ జూలై 22న పెట్టాను. ఈ రోజు వరకు ఒక్క మనిషి సంప్రదించలేదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కనీసం ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకుంటారు కదా.

నేను పాడేరులో టీచర్ని. 2019 నవంబరులో విశాఖపట్నంలోని మీ డీలర్ దగ్గర ఈ బండి కొన్నాను. మా ఆవిడ అప్పుడప్పుడే డ్రైవింగ్ నేర్చుకుంటోందని, మాన్యువల్ కంటే 47 వేలు ఎక్కువ పెట్టి ఏఎంటీ తీసుకున్నాను. ఐదేళ్లు బాగానే తిరిగింది. ఆ మాట కూడా చెప్పాలి. ఈ జూన్‌లో డిస్‌ప్లే మీద "ఎన్" (న్యూట్రల్) అనే అక్షరం కొట్టుకోవడం మొదలైంది, గేరు పడలేదు. గేర్లు మార్చే మోటారు, అదే యాక్చుయేటర్, పోయిందన్నారు. మార్చారు. 41,800 బిల్లు కట్టాను. వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

జూలై 12, రెండో శనివారం. అమ్మను విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో చూపించుకుని వస్తున్నాం. మా ఘాట్ రోడ్డు మీలో ఎవరైనా చూశారో లేదో నాకు తెలీదు. లోడు లారీ ముందుంటే ఒక్కో మలుపు దగ్గర ఆగి, మళ్లీ కదిలి, మళ్లీ ఆగుతూ పైకి పోవాలి. వంట్లమామిడి దాటాక క్లచ్ మాడిన వాసన వచ్చింది. ఇంకో నాలుగు మలుపులకు బండి నిలిచిపోయింది. వాన పడుతోంది. డెబ్బై నాలుగేళ్ల మనిషిని చీకట్లో, ఏటవాలు రోడ్డు మీద, వెనక చక్రాలకు రాళ్లు పెట్టిన బండిలో రెండు గంటలు కూర్చోబెట్టాను. మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరుకు ఫోన్ చేస్తే "దగ్గర్లో ఉన్న ల్యాండ్‌మార్క్ చెప్పండి" అన్నారు. అడవి అని చెప్పాను. లొకేషన్ పంపమన్నారు. అక్కడ సిగ్నల్ ఒక్క గీత ఉంటే ఎక్కువ. చివరికి అటుగా వచ్చిన జీపు వాళ్లు అమ్మను ఎక్కించుకుని ఇంటికి చేర్చారు.

ఇంత జరిగినా నేను బండి పాడైందని ఈ ఉత్తరం రాయడం లేదు. యంత్రం అన్నాక పాడవుతుంది. ఆ తర్వాత మీరు నన్ను మనిషిగా లెక్కపెట్టలేదు. అది రాయడానికే కూర్చున్నాను.

బండిని చోడవరం దాకా లాగించి తెలిసిన మెకానిక్‌కి చూపిస్తే అతను ఒక మాట చెప్పాడు. "మాస్టారూ, లోపలున్నది మాన్యువల్ గేర్‌బాక్సే. మీ కాలు, చెయ్యి చేసే పని ఈ మోటారు చేస్తోందంతే. ఇది తీసేసి క్లచ్ పెడల్, గేర్ రాడ్డు, కేబుళ్లు వేసుకోవచ్చు. కానీ బండిలోని కంప్యూటర్ ఒప్పుకోవాలి. లేకపోతే బండి స్టార్టే అవదు. అది కంపెనీ వాళ్ల చేతిలో ఉంది." ఇదే మోడల్‌లో మాన్యువల్ బండి మీరే తయారుచేస్తున్నారు. సామాను మీ దగ్గర ఉంది, కంప్యూటర్ ప్రోగ్రాం మీ దగ్గర ఉంది. మా ఆవిడకు ఇప్పుడు మాన్యువల్ కూడా బాగా వచ్చు. కాబట్టి ఎంతైనా డబ్బు కడతాను, మాన్యువల్‌గా మార్చి ఇవ్వండి అని అడిగాను. కుదరకపోతే ఎందుకు కుదరదో లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వమన్నాను. నేను అడిగింది ఈ రెండు ముక్కలే.

బండిని మీ డీలర్ షెడ్డుకు చేర్చి అడిగితే అక్కడి సర్వీస్ అడ్వైజర్ నవ్వాడు. "సార్, అందరూ మాన్యువల్ నుంచి ఆటోమేటిక్‌కి మారుతుంటే మీరు వెనక్కి వెళ్తారేంటి?" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లు కూడా నవ్వారు. ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పిల్లవాడు ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగినా క్లాసులో నవ్వనివ్వలేదు. వర్క్స్ మేనేజర్ దగ్గరికి వెళ్తే, "ఇది మా చేతిలో లేదు, కంపెనీని అడగండి" అన్నాడు. కంపెనీ హెల్ప్‌లైన్‌కి చేస్తే, "మీ డీలర్‌ని అడగండి" అన్నారు. మళ్లీ డీలర్ దగ్గరికి వెళ్తే అడ్వైజర్ మారిపోయాడు. కొత్తతనికి మొదటి నుంచీ చెప్పాను. అంతా విని, "సార్, ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తే పదికి పది ఇవ్వండి, లేకపోతే మాకు ఇన్సెంటివ్ కట్ అవుతుంది" అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతని చేత అలా అడిగిస్తున్న మీ మీదే ఉంది.

మీ హెల్ప్‌లైన్ గురించి మీకు చెప్పాలి, ఎందుకంటే మీరెప్పుడూ ఆ నంబరుకు ఫోన్ చేసి ఉండరు. తెలుగు కోసం మూడు నొక్కమంటుంది. నొక్కితే పదిహేను నిమిషాలు పాట వస్తుంది. తర్వాత హిందీలో మాట్లాడే మనిషి వస్తారు. నాకు వచ్చిన హిందీలో క్లచ్ గురించి, కంప్యూటర్ గురించి చెప్పుకోవాలి. ప్రతిసారీ బండి నంబరు, ఛాసిస్ నంబరు, కొన్న తేదీ. 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పీ చెప్పీ నాకు నోటికి వచ్చేసింది. "ఆటోమేటిక్ టు మాన్యువల్" అనగానే అవతల నిశ్శబ్దం. "సార్, మా సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు" అంటారు. మరి ఏ ఆప్షన్ కింద రాసుకున్నారు అంటే, "జనరల్ ఎంక్వైరీ" అన్నారు. రెండు రోజులకు మెసేజ్ వస్తుంది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." ఇలా మూడుసార్లు మూసేశారు. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు? నాకు తెలియకుండా నా సమస్య ఎలా తీరిపోయింది?

ఆగస్టు 20, బుధవారం. ఏరియా సర్వీస్ మేనేజర్ గారు విశాఖ వస్తున్నారు, పదింటికి రండి, మాట్లాడిస్తాం అన్నారు. క్యాజువల్ లీవు పెట్టి, తెల్లవారుజామునే మొదటి బస్సు ఎక్కి కొండ దిగాను. బండి మీ షెడ్డులోనే ఉంది కాబట్టి నాకు బస్సే దిక్కు. పదింటి నుంచి కూర్చున్నాను. రెండుసార్లు కాఫీ ఇచ్చారు. "మీటింగ్‌లో ఉన్నారు", "లంచ్‌కి వెళ్లారు", "కాల్‌లో ఉన్నారు" అన్నారు. నాలుగింటికి లేచి రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగితే, పాపం ఆ అమ్మాయి తల దించుకుని, "సార్ మధ్యాహ్నమే విజయనగరం వెళ్లిపోయారండీ" అంది. నేను అద్దం అవతల కూర్చునే ఉన్నాను. నా ముందు నుంచే వెళ్లి ఉంటారు. ఆయన మొహం నాకు తెలీదు, నా మొహం ఆయనకు అక్కర్లేదు. ఆ రాత్రి బస్సులో తిరిగి వస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడం దేనికి, రాస్తున్నాను.

సెప్టెంబరులో ఒక సూపర్‌వైజర్ మాత్రం ఫోన్లో ఒక కారణం చెప్పాడు. బండిని మార్చడం చట్టరీత్యా నేరమట, సుప్రీంకోర్టు కూడా చెప్పిందట. నేను చదివాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదంటుంది. 2019లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. నా ఆర్సీ తీసి చూసుకున్నాను. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, సీట్లు ఉన్నాయి. మోడల్ పేరు చివర "ఏఎంటీ" అని మూడక్షరాలు ఉన్నాయి. ఆ మూడక్షరాలే అడ్డమైతే అదే రాసి ఇవ్వండి, ఒప్పుకుంటాను. రవాణా శాఖ ఆఫీసులో అడిగితే వాళ్లూ, "ముందు కంపెనీ నుంచి కాగితం తెండి" అన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లూ అదే మాట. అందరూ మీ వైపే చూపిస్తున్నారు, మీరు మాత్రం ఎవరి వైపూ చూడటం లేదు. నాకు దొంగతనంగా మార్పించుకునే ఉద్దేశం లేదు. ఉంటే మీతో ఇంత టెన్షన్ పడే పనే లేదు, ఎవరో ఒకరి చేత వైర్లు కోయించి కానిచ్చేవాణ్ని. పద్ధతిగా అడిగినందుకే నాకు ఈ తిప్పలు.

ఇదే సెప్టెంబరులో మీ దగ్గర్నుంచి నాకు ఫోన్లు వచ్చాయి. సర్వీస్ నుంచి కాదు, సేల్స్ నుంచి. 22వ తేదీ నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గిందని, పాత బండి ఎక్స్‌చేంజ్ ఇచ్చి కొత్తది తీసుకోమని. వారంలో నాలుగుసార్లు చేశారు. చక్కటి తెలుగులో మాట్లాడారు. నా పేరు, బండి నంబరు, కొన్న తేదీ అన్నీ వాళ్ల ముందే ఉన్నాయి. అంటే నా వివరాలు మీ దగ్గర లేక కాదు. కొనేటప్పుడు కనిపించే మనిషి, అడిగేటప్పుడు మీకు కనిపించడం లేదు.

మా నాన్నగారు 1998లో మా ఇంటికి తెచ్చిన మొదటి కారు మీ కంపెనీదే. తర్వాత నేను కొన్నవి రెండూ మీవే. మా స్కూల్లో ఐదుగురు నా మాట మీద మీ బండ్లు కొన్నారు. వాళ్లు స్టాఫ్‌రూమ్‌లో "ఏమైంది మాస్టారూ, జవాబు వచ్చిందా?" అని అడుగుతుంటే నాకు తలెత్తుకోలేనట్టుగా ఉంది. ఇరవై ఏడేళ్ల నమ్మకానికి మీరు ఇచ్చిన విలువ మూడు మెసేజ్‌లు.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో సంతకం, స్టాంపు ఉన్న జవాబు నాకు రావాలి. మారుస్తారా, మార్చరా, ఎందుకు మార్చరు. నెల తిరక్కుండానే బండి ఆగిపోయిన ఆ రిపేరు తాలూకు 41,800 వెనక్కి ఇవ్వాలి. నాలుగు నెలలుగా షెడ్డులో పడి ఉన్న బండికి, నేను పెట్టిన లీవులకు, తిరిగిన తిరుగుడుకు ఏం చేస్తారో అదీ చెప్పాలి. లేదంటే ఆ బండి మీరే ఉంచుకుని నా డబ్బు నాకు ఇచ్చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఇప్పటికే ఫిర్యాదు రాయించాను. విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి బిల్లులు, మెయిళ్లు, ఫోన్ చేసిన తేదీలు అన్నీ ఫైలు చేసి పెట్టాను. లాయరు లేకుండా నేనే నిలబడి చెప్పుకోగలను. క్రిస్మస్ సెలవుల్లోపు జవాబు రాకపోతే అమ్మను తీసుకొచ్చి మీ షోరూం ముందు కూర్చుంటాను. కొత్త బండి చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ ఉత్తరం కాపీ ఇస్తాను.

ఫోన్ చేయవద్దు. ఫోన్లో చెప్పినవన్నీ ఏమయ్యాయో చూశాను. కాగితం పంపండి, పోస్ట్‌మాన్‌కి మా ఇల్లు తెలుసు.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
పాడేరు.

జత చేసినవి: జూన్ రిపేరు బిల్లు, ఆరు మెయిళ్ల ప్రతులు, "పరిష్కరించబడింది" అని వచ్చిన మూడు మెసేజ్‌ల ఫొటోలు, ఆగస్టు 20 నాటి బస్సు టికెట్లు రెండు.