బెణికిన కాలికి వావిలాకు కాపడం

ఒరేయ్ శీనూ,

అమ్మకి చీలమండ బెణికిందని చదివి మనసు పాడైంది. వావిలాకు కాపడం సంగతి అడిగావు, అంతా రాస్తాను. ముందు ఒకటి చూడు. ఆ కాలి మీద బరువు మోపి నాలుగడుగులు వేయగలుగుతోందా? చీలమండ ఎముక వెనక అంచున వేలితో నొక్కితే కెవ్వుమంటోందా? అడుగు పడకపోయినా, నొప్పి సరిగ్గా ఎముక మీదే ఉన్నా ఆకులు పక్కన పెట్టి ఎక్స్‌రే తీయించు.

మొదటి 48 గంటలు వేడి అసలు తగలనివ్వకు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. లోపల సన్నటి రక్తనాళాలు చిట్లి ఉంటాయి, వేడి తగిలితే వాపు ఇంకా పొంగుతుంది. అప్పటిదాకా గుడ్డలో చుట్టిన ఐసు, 15 నిమిషాల చొప్పున. కాలు దిండు మీద ఎత్తుగా ఉండాలి.

మూడో రోజు నుంచి వావిలి. వాగుల ఒడ్డున పొదలుగా ఉంటుంది. ఒక్కో ఆకూ మూడు, ఐదు రెక్కలుగా చీలి, అడుగున బూడిదరంగు నూగుతో ఉంటుంది, నలిపితే ఘాటు వాసన. కడిగి నీడన ఆరబెట్టు. తడి ఉంటే మూటలోంచి ఆవిరి తన్ని చర్మం కాలుతుంది. నాలుగు గుప్పెళ్ళ ఆకుకి రెండు చెంచాల ఆముదం. ఇనుప మూకుట్లో సన్న సెగ మీద ఆకు వాడి మెత్తబడేదాకా తిప్పు. నల్లబడిందంటే మాడినట్టే, పారేయ్. పాత నూలు పంచె ముక్కలో మూట కట్టి, ముందు నీ మణికట్టు లోపలివైపు పెట్టి చూసుకో. అమ్మకి షుగరు కదా, పాదం తిమ్మిరిగా ఉంటే వేడి ఆవిడకి తెలియదు, బొబ్బ లేచాక గానీ బయటపడదు. పాదంలో స్పర్శ తగ్గి ఉంటే కాపడమే మానెయ్. లేకపోతే ఒక్కచోటే ఆనించకుండా అద్దుతూ 10 నిమిషాలు, రోజుకి రెండుసార్లు.

పసుపు సున్నం పట్టు గురించి అత్తయ్య ఏదో చెప్పిందన్నావు. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, అది క్షారం గుణం. ఎంత ఎర్రగా వస్తే అంత మంచిదని సున్నం దట్టించేస్తారు, తెల్లారేసరికి తోలు ఊడుతుంది. చెంచాడు పసుపుకి శెనగగింజంత తాంబూలం సున్నం చాలు, ఎరుపు దానికే వస్తుంది. ఒకవేళ వేసినా మంట అనిపించిన క్షణమే ధారగా నీళ్ళు పోసి కడిగెయ్. నన్నడిగితే, షుగరున్నవాళ్ళకి ఈ పట్టు వద్దే వద్దు.

కట్టు బిగుతు కూడా చూసుకో. బొటనవేలి గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్ళీ ఎరుపెక్కాలి. వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా వెంటనే విప్పు.

ఎవరైనా జిల్లేడాకు తెస్తే, దాని పాలు కంట్లో పడకుండా చూసుకో, నల్లగుడ్డుకే ప్రమాదం. ఉమ్మెత్తాకు మాత్రం ఇంట్లోకే రానివ్వకు. గీరుకున్న చోట తగిలినా దాని విషం ఒంట్లోకి దిగుతుంది. అసలు చర్మం చిట్లిన చోట ఏ ఆకూ వేయొద్దు.

వాడిన ఆకు మర్నాటికి దాచకు, రోజూ కొత్తది కోయి. వాపు వారానికీ దిగకపోతే డాక్టరుకి చూపించి నాకు రాయి.

నీ
రాఘవ