చైనా ఆర్డర్ల మాట రైతుకూ తెలియాలి

సంపాదకులకు,

అయ్యా,

సిచువాన్, చోంగ్‌చింగ్ ప్రాంతాల హాట్‌పాట్ వంటకాలు చైనా అంతటా వ్యాపించడం వల్లా, మిరప నుంచి ఓలియోరెసిన్ (ఘాటు, రంగు ఉండే చిక్కటి సారం) తీసే అక్కడి కర్మాగారాలకు ఘాటైన కాయ కావలసి రావడం వల్లా మా ఖమ్మం ప్రాంతపు తేజ రకం మిర్చికి ఆ దేశం పెద్ద ఖాతాదారు అయింది. దానివల్ల మంచి ధరలు చూసిన ఏళ్లు ఉన్నాయి, కాదనను.

అయితే మార్కెట్ యార్డులో బస్తాలు దించగానే రైతు చెవిన పడే మాట, ‘చైనా ఆర్డర్లు లేవండి’ అన్నది. అది నిజమో, ధర తగ్గించే ఎత్తో తేల్చుకునే దారి మాకు లేదు. పొద్దున్నే జెండా పాటలో, అంటే యార్డులో ఆ రోజు మొదట జరిగే వేలంలో, పలికిన ధర పత్రికలకెక్కుతుంది గానీ, ఆ తరువాత అమ్ముడయ్యే బస్తాల్లో చాలావాటికి అంత రాదన్నది యార్డుకు వెళ్లిన ప్రతివారికీ తెలుసు. 2020 ఆరంభంలో కోవిడ్ కారణంగా చైనాకు ఎగుమతులు నిలిచిపోయినప్పుడు మాత్రం ఆ మాట నిజమే. కల్లంలో కాయ నాణ్యత తగ్గలేదు, కోత కూలీ తగ్గలేదు, ధర ఒక్కటే తగ్గింది.

ఒక్క కొనుగోలుదారును నమ్ముకున్నవారి అవస్థ ఇతర దేశాల్లోనూ ఇంతే. 2020 మేలో ఆస్ట్రేలియా బార్లీపై చైనా 80.5 శాతం సుంకం వేసి, 2023 ఆగస్టులో గాని ఎత్తివేయలేదు. తమ చెర్రీ ఎగుమతుల్లో పదింట తొమ్మిది వంతులు చైనాకే పంపే చిలీ రైతుల సరుకు ఓడెడు, 2025 జనవరిలో ఆ ఓడ ఇంజను చెడి సముద్రం మీదే పాడైపోయింది.

2025 ఫిబ్రవరిలో ధరలు పతనమైతే కేంద్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. పంట కల్లాల్లోకి వచ్చాక చేసే ఇటువంటి ప్రకటనలు, అప్పటికే అమ్ముకున్న కౌలు రైతుకు ఎందుకూ కొరగావు. అందుచేత సుగంధ ద్రవ్యాల బోర్డు, మిర్చి రాబడి కాలంలో ఏ రకం ఎంత, ఏ దేశానికి ఓడ ఎక్కిందో వారం వారం తెలుగులో ప్రకటించాలనీ, చైనాలోని సొంత పంట, నిల్వల అంచనాలను మేము నారు పోయకముందే తెలియజేయాలనీ కోరుతున్నాను. ఆ లెక్కలను జెండా పాట జరిగే చోటనే నోటీసు బోర్డు మీద రాయిస్తే ఇంకా మేలు.

భవదీయుడు,
ఒక మిర్చి రైతు,
ఖమ్మం జిల్లా