77వ నిమిషంలో వాళ్ళెందుకు లేచి వెళ్ళిపోయారంటే

చిన్నీ,

నీ మెసేజ్ నిన్న రాత్రి లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్ స్టేషన్ బయట, నా టాక్సీతో క్యూలో ఉండగా చూశాను. "నాన్నా, నీ పుట్టినరోజుకి ఆన్‌ఫీల్డ్‌లో మనిద్దరికీ హాస్పిటాలిటీ టికెట్లు, భోజనం, మెత్తటి సీటు అన్నీ అందులోనే, ఊ అంటే బుక్ చేసేస్తా" అని. కింద రేటు కూడా పెట్టావు, మనిషికి 350 పౌండ్లు. ఊ అనలేదు, గమనించే ఉంటావు. ఫోన్లో చెబితే "అబ్బా, నీదెప్పుడూ ఇంతే నాన్నా" అని పెట్టేస్తావని రాస్తున్నాను. తెలుగులోనే రాస్తున్నా, మెల్లగా చదువుకో, అర్థం కానిచోట అమ్మకి ఫోన్ చెయ్యి.

వద్దమ్మా. డబ్బులు దండగ అని కాదు, అదీ కొంచెం ఉందనుకో. కారణం చెప్పాలంటే పదేళ్ళ కింద నువ్వడిగిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి. ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను.

2016 ఫిబ్రవరి 6, శనివారం, మధ్యాహ్నం 3 గంటలకి మన లివర్‌పూల్ ఫుట్‌బాల్ మ్యాచ్, సండర్‌లాండ్‌తో. మన టీమ్ స్టేడియమే అయినా, మనిద్దరం కలిసి ఆన్‌ఫీల్డ్ లోపలికి వెళ్ళింది ఆ ఒక్కసారే. నీకు పదకొండేళ్ళు. కోచ్‌గా క్లాప్ వచ్చిన మొదటి సీజన్, ఆయన్ని చూడాలని నువ్వు నిద్రలో కూడా కలవరిస్తుంటే, సరిగ్గా అప్పుడే ఆయనకి అపెండిక్స్ ఆపరేషన్, మనిషే రాలేదు. మన అదృష్టం అలా ఉంటుంది. అయినా ఫిర్మినో ఒకటి, లల్లానా ఒకటి కొట్టేసరికి నువ్వు నా భుజం పట్టుకుని ఒకటే గెంతులు. 2-0. అప్పుడు గడియారం 77 దగ్గరికి వచ్చింది, ఎదురుగా కాప్ స్టాండ్‌లో జనం లేవడం మొదలుపెట్టారు. "ఇక చాలు, ఇక చాలు" అని అరుస్తూ మెట్లు ఎక్కి వెళ్ళిపోతున్నారు, అప్పటిదాకా తలలు తప్ప ఏమీ కనపడని చోట ఎర్ర సీట్లు బయటపడుతున్నాయి. మన పక్క సీటాయన మఫ్లర్ మడిచి జేబులో పెట్టుకుని, నీ తల మీద చెయ్యి వేసి "సారీ, లవ్" అని వెళ్ళిపోయాడు. ఆయన టీ కప్పు సీటు కింద అలాగే ఉంది, సగం తాగి.

"మనమే గెలుస్తున్నాం కదా నాన్నా, ఎందుకు వెళ్ళిపోతున్నారు?" అన్నావు. "ట్రాఫిక్ తప్పించుకోవడానికమ్మా" అన్నాను.

నాకు తెలుసు చిన్నీ. ఆ వారమంతా నా కారెక్కిన ప్రతివాళ్ళూ అదే మాట. అప్పుడు కొత్త మెయిన్ స్టాండ్ కడుతున్నారు కదా, స్టేడియం వెనక ఆ ఇనుప చట్రం చూసి నువ్వు రోలర్ కోస్టరా అనడిగావు. అది తెరిచాక అందులో అన్నిటికన్నా ఖరీదైన టికెట్ 77 పౌండ్లు అన్నారు. అప్పటిదాకా 59. అందుకే 77వ నిమిషం. పదివేల మంది దాకా లేచారని తర్వాత పేపర్లలో వచ్చింది. మనం లేవలేదు. వాళ్ళు వెళ్ళాక సండర్‌లాండ్ వాళ్ళు 82లో ఒకటి కొట్టారు, 89లో డిఫో ఇంకోటి, 2-2. జనం వెళ్ళిపోబట్టే గోల్స్ పడ్డాయని నువ్వు ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నావు.

ఎందుకు లేవలేదంటే, ఇంకా పదమూడు నిమిషాలు మిగిలున్నాయి, వాటికీ నేను డబ్బు కట్టాను. అంత చిన్న ఆలోచన నాది ఆ రోజు.

ఆ లెక్క నా పాత లాగ్ బుక్కులో ఇంకా ఉంది, నిన్న తీసి చూశాను. ఇద్దరికీ మెంబర్‌షిప్ (అది లేకపోతే టికెట్ క్యూలోకే రానివ్వరు), రెండు టికెట్లు డెబ్బై పౌండ్ల చిల్లర, నీకు మఫ్లర్, రెండు పైలు, ఒక హాట్ చాక్లెట్. దాని కింద ఇంకో లైను రాసుకున్నా, "శనివారం బండి తీయలేదు" అని. అసలు ఖర్చు అది. మ్యాచ్ ఉన్న శనివారం టాక్సీ వాడికి సంక్రాంతి, మధ్యాహ్నం వెళ్ళేవాళ్ళు, సాయంత్రం వచ్చేవాళ్ళు, మామూలు రోజుకి రెట్టింపు. అంటే టికెట్ కొన్నందుకు ఓసారి, కారు ఇంట్లో పెట్టినందుకు ఓసారి, మొత్తం రెండొందల పౌండ్లు దాటింది. మీ అమ్మ అప్పట్లో వారానికి సరుకులన్నీ 60లో సర్దేది. టీవీలో చూద్దామా అంటే శనివారం 3 గంటల మ్యాచ్‌లు ఈ దేశంలో టీవీలో చూపించరు. అందుకే మిగతా మ్యాచ్‌లన్నీ నువ్వు రేడియోలో విన్నావు, నేను కారు అద్దం దించుకుని బయటినుంచి విన్నాను. గోల్ పడితే మొదట నేల అదిరినట్టుంటుంది, తర్వాత అరుపు. ఎవరు కొట్టారో తెలియదు, మనవాళ్ళేనని మాత్రం తెలుస్తుంది.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తా, అమ్మకి చెప్పకు. నీ పదమూడో పుట్టినరోజుకి పెట్రోల్ బంక్ దగ్గర ఒకడి దగ్గర రెండు టికెట్లు కొన్నాను, 150 పౌండ్లు. వారం ముందు పొంగిపోతూ కారులో దాచాను. నాతో పనిచేసే ఒకాయన చూసి, ఇవి దొంగవి, గేటు దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది అన్నాడు. మన దగ్గర సినిమా టికెట్ బ్లాకులో కొనుక్కున్నట్టే అనుకున్నా, ఇక్కడ ఫుట్‌బాల్ టికెట్ అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 నుంచీ నేరమట. ఆ పుట్టినరోజుకి నిన్ను పిజ్జాకి తీసుకెళ్ళాను.

సరే, ఆ 77 సంగతి. వారం తిరక్కుండా క్లబ్బు యజమానులు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు, 59 దగ్గరే ఆపేశారు. ఆ మరుసటి నెలలోనే ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ కూర్చుని, వేరే ఊరినుంచి వచ్చే అభిమానుల టికెట్ 30 పౌండ్లు దాటకూడదని ఒప్పుకున్నాయి. స్థానికులకి 9 పౌండ్ల టికెట్లు కూడా కొన్ని పెట్టారు, లేదనను. ఇదంతా ఆ లేచి వెళ్ళినవాళ్ళ వల్ల, ఆ "సారీ, లవ్" ఆయన వల్ల. ఆయన కప్పు పక్కన కూర్చుని 13 నిమిషాలు గిట్టుబాటు చేసుకున్నది నేను.

నేను మొన్నమొన్నటిదాకా ఒక పెద్దాయన్ని బూటిల్ నుంచి హాస్పిటల్‌కి తీసుకెళ్ళేవాణ్ణి, రేవులో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు జేబులో చిల్లరతో కాప్‌లో నిలబడి చూసేవాడట. హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిడిలో మన అభిమానులు చనిపోయిన రోజు అక్కడే ఉన్నాడు, దాని గురించి ఒక్క ముక్క మాట్లాడడు, నేనూ అడగలేదు. 1989లో అది జరిగాక జడ్జి టేలర్ రిపోర్టు ఇచ్చాడు, పెద్ద స్టేడియాల్లో అందరూ కూర్చునే చూడాలని. అది అందరికీ తెలుసు. అందరూ మర్చిపోయింది ఇంకో వాక్యం, పెద్దాయనే చెప్పాడు: నిలబడి చూసేవాళ్ళ జేబుకి అందేలా సీటు ధర పెట్టొచ్చు అంటూ, గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో సీటు 6 పౌండ్లే కదా అని టేలర్ ఉదాహరణ కూడా ఇచ్చాడు. ఆ 6 పౌండ్లని అన్నిటి ధరలూ పెరిగిన లెక్కన పెంచుకుంటూ వచ్చినా ఇవాళ పదిహేనో ఇరవయ్యో, ఆ చుట్టుపక్కలే ఉండాలి. సీట్లు మాత్రం వేశారు. 1992లో ప్రీమియర్ లీగ్ వచ్చింది, టీవీ డబ్బు వచ్చింది. మనం ఆ మ్యాచ్‌కి వెళ్ళిన ఏడు మొదలైన మూడేళ్ళ ఒప్పందం ఒక్కటే 500 కోట్ల పౌండ్లు దాటింది, అది కూడా ఈ దేశపు టీవీ హక్కులకే. అంత వస్తుంటే మా 77 ఎందుకురా మీకు అని పెద్దాయన బాధ. ఆటగాళ్ళ జీతాలు, కొత్త స్టాండ్ల ఖర్చు అంటారు క్లబ్బుల వాళ్ళు, ఆ మాటలోనూ నిజం లేకపోలేదు, కానీ ఆ ఖర్చు పెంచుకున్నదీ వాళ్ళే. ఆయన సీజన్ టికెట్ వదిలేసి చాలా కాలమైంది. ఒకసారి వదిలేస్తే మళ్ళీ రావడానికి వెయిటింగ్ లిస్టులో ఏళ్ళకేళ్ళు పడుతుంది. ఆయనకి అన్నేళ్ళు లేవు.

2016లోనే, ఏప్రిల్‌లో, జర్మనీ నుంచి డార్ట్‌మండ్ టీమ్ వచ్చింది గుర్తుందా, 4-3, ఆ రాత్రి ఊరంతా నిద్రపోలేదు. మధ్యాహ్నం నలుగురు జర్మన్లు పసుపు చొక్కాలతో నా కారెక్కారు. మీ 77 సంగతి మాకు తెలుసు, మేమూ అదే వారం స్టుట్‌గార్ట్‌లో టికెట్ ధరల మీద కోపంతో గ్రౌండ్‌లోకి టెన్నిస్ బంతులు విసిరాం అన్నారు. వాళ్ళ స్టేడియంలో ఒక్క వైపే 25 వేల మంది దాకా నిలబడి చూస్తారు, ఇరవై యూరోల లోపు టికెట్, ఆ టికెట్ చూపిస్తే రైలూ బస్సూ ఫ్రీ. అలా అయితే నా గతేంటి అంటే నలుగురూ ఒకటే నవ్వు. అక్కడ ఒకటి రెండు క్లబ్బులు తప్ప, క్లబ్బు ఓట్లలో సగానికి పైన సభ్యుల చేతిలోనే ఉండాలట, అందుకని ఎంత డబ్బున్నవాడొచ్చినా తన ఇష్టం వచ్చినట్టు చెయ్యలేడు. దిగేటప్పుడు టిప్పు మాత్రం ఇవ్వలేదు.

మీ తాతయ్య సికింద్రాబాద్ నుంచి సైకిల్ మీద ఫతే మైదాన్‌కి వెళ్ళి హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఆట చూసేవాడు, రహీం సాబ్ కోచ్‌గా ఉన్న రోజులు. టికెట్ కన్నా మిరపకాయ బజ్జీలకే ఎక్కువయ్యేది అనేవాడు. ఓడితే తిట్టుకుంటూ వచ్చేవాడు, మళ్ళీ వారం వెళ్ళేవాడు. అదమ్మా నేనడిగేది. వీధి చివర రామాలయానికి వెళ్ళొచ్చినట్టు ఉండాల్సిన దాన్ని కాశీయాత్ర చేసేశారు. జీవితంలో ఒక్కసారి, అప్పు చేసైనా, ఫొటోలు దిగి, ఇంటికొచ్చి చెప్పుకోవడానికి. నా కారులో నార్వే నుంచి వచ్చేవాళ్ళుంటారు, ఐర్లాండ్ నుంచి వచ్చేవాళ్ళుంటారు, వాళ్ళ మీద నాకేం కోపం లేదు, పాపం వాళ్ళు ఏడాదంతా దాచుకుని వస్తారు. కానీ కాశీకి వెళ్ళినవాడు పూజారితో గొడవ పడడు. అన్నిటికీ దండం పెట్టి వస్తాడు. రోజూ వెళ్ళేవాడే "ఇదేంటయ్యా, ప్రసాదం తగ్గించావు" అని అడుగుతాడు. ఆ అడిగేవాళ్ళనే బయట ఉంచుతున్నారు.

మాంచెస్టర్ యునైటెడ్ వాళ్ళు 2024లో సీజన్ మధ్యలో మిగిలిన మెంబర్ టికెట్లన్నీ 66 పౌండ్లు చేశారు, పిల్లలకీ ముసలాళ్ళకీ తగ్గింపు లేకుండా. అంతకుముందు పిల్లల టికెట్ 25 నుంచి ఉండేది. వాళ్ళు ఓడిపోతే నేను మిఠాయి పంచేవాణ్ణే, ఆ వార్త చదివి మాత్రం నవ్వు రాలేదు. డల్లాస్‌లో మీ బాబాయి అయితే 2026 వరల్డ్ కప్ ఫైనల్ చూద్దామన్నయ్యా నువ్వూ రా అన్నాడు, నమ్మకంగా వెంట తిరిగే అభిమానుల కోటాలోనే ఫైనల్‌కి అన్నిటికన్నా తక్కువ టికెట్ 4,185 డాలర్లు. జనం గోల చేశాక ప్రతి మ్యాచ్‌కీ కొన్ని 60 డాలర్లవి పెట్టారు. ఆ కొన్నింటిలో బాబాయికి ఒకటి దొరుకుతుందని వాడి నమ్మకం. వాడు లాటరీలు కూడా కొంటాడు.

నువ్వు చూసిన ఆ భోజనం సీట్లున్న స్టేడియం బయటే, మ్యాచ్ రోజుల్లో మన ఊళ్ళోనే ఉన్న పోటీ టీమ్ ఎవర్టన్ అభిమానులూ మనవాళ్ళూ కలిసి ఫుడ్ బ్యాంక్‌కి డబ్బాలు పోగుచేస్తారు. నేను పాసెంజర్లని దింపి ఒక పాస్తా ప్యాకెట్టో బీన్స్ డబ్బానో పడేసి వస్తుంటాను. ఆ దారిలోంచే నీ చెయ్యి పట్టుకుని లోపలికెళ్ళి 350 పౌండ్ల ప్లేటు ముందు కూర్చుంటే నాకు ముద్ద దిగదు. ఇది నా చాదస్తమే అనుకో. నీ మొదటి జీతంతో కొనాలనుకున్నావు, ఆ మాటకే నాకు కడుపు నిండింది.

కాబట్టి నేనడిగేదిది. క్రాస్బీలో మెరైన్ అని చిన్న క్లబ్బు ఉంది కదా, ఇంటి నుంచి ఇరవై నిమిషాలు. 2021 జనవరిలో, లాక్‌డౌన్‌లో, టాటెన్‌హామ్ ఆ బుల్లి గ్రౌండ్‌కి వచ్చి 5-0 కొట్టి పోయింది, అప్పుడు ఎవ్వరినీ లోపలికి రానివ్వరని తెలిసీ మనం పది పౌండ్ల ఉత్తుత్తి టికెట్లు రెండు కొన్నాం, మనలాంటి వాళ్ళు ముప్పై వేలకి పైగా కొన్నారు. పెరటి గోడల మీంచి జనం చూస్తుంటే టీవీలో చూసి నువ్వు "మనకీ అక్కడ ఇల్లు కొనొచ్చుగా" అన్నావు. ఆ టికెట్ ప్రింటు మన ఫ్రిజ్ మీద ఇంకా ఉంది, మీ అమ్మ పాల లెక్క దాని వెనకే రాస్తోంది. గ్రౌండ్‌కి మాత్రం మనం ఇప్పటిదాకా వెళ్ళనే లేదు.

ఈ నెల రెండో శనివారం అక్కడ మ్యాచ్ ఉంది. గేటు దగ్గర టికెట్ నేను కొంటా, టీ నువ్వు కొను. ఆ రోజు బండి తీయను, లాగ్ బుక్కులో రాసుకుంటాలే. శుక్రవారం రాత్రి రైలు ముందే బుక్ చేసుకో, ఆలస్యమైతే దాని రేటు కూడా ఆన్‌ఫీల్డ్ టికెట్‌లా ఉంటుంది. అమ్మ పులిహోర కట్టిస్తానంది, లోపలికి తేనిస్తారో లేదో కనుక్కుంటాను. గ్లోవ్స్ తెచ్చుకో, సముద్రం గాలి.

వాళ్ళు 2-0లో ఉన్నా చివరిదాకా ఉందాం.

నాన్న