పద్నాలుగు డాలర్ల సర్టిఫికెట్: అమెరికా విద్యాశాఖ మంత్రి లిండా మెక్‌మాన్ గారికి బహిరంగ లేఖ

ఇర్వింగ్, టెక్సస్
2025 సెప్టెంబర్

మేడమ్,

ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకి వేరే పంపాను. తెలుగులో రాస్తున్నది మావాళ్ళ కోసం. మెడికల్ అసిస్టెంట్ కోర్సులో చేరమంటావా వద్దంటావా అని వాట్సాప్‌లో నన్నడిగే ఆడవాళ్ళకి, మీతో నేనేం మొరపెట్టుకున్నానో తెలియాలి కదా.

నేను మెడికల్ అసిస్టెంట్‌ని. డాక్టరు గదిలోకి వచ్చేలోపు పేషెంటుని కూర్చోబెట్టి, బీపీ, బరువు చూసి, ఏ మందులు వాడుతున్నారో రాసుకునేది నేనే. రక్తం తీస్తాను, ఈకేజీ (మన ఈసీజీయే) తీస్తాను, ఇన్సూరెన్సు వాళ్ళ ఫోన్‌ లైన్లో పాటలు వింటూ గంటలు గడుపుతాను. పిల్లల దగ్గరికి గుంటూరు నుంచి వచ్చిన ఓ పెద్దావిడ "గుండెల్లో దడగా ఉందమ్మా, చెయ్యి కూడా లాగేస్తోంది" అంటే, ఆ మాట ఆగమేఘాల మీద డాక్టరుకి చేర్చేదీ నేనే. పని మీద నాకే ఫిర్యాదూ లేదు. ఫిర్యాదల్లా లెక్క మీద.

హెచ్-4 మీద, అంటే మావారి వీసా మీద ఆధారపడి ఉన్నన్నాళ్ళూ, ఫెడరల్ లోనుకి, అంటే ప్రభుత్వమిచ్చే చదువు అప్పుకి, అర్హతే లేదు. గ్రీన్‌కార్డు వచ్చాక, 2019లో, ఓ ప్రైవేటు కెరీర్ స్కూల్లో చేరాను. తొమ్మిది నెలల కోర్సు, చివర్లో క్లినిక్‌లో జీతం లేని శిక్షణ, ఎక్స్‌టర్న్‌షిప్ అంటారు, 160 గంటలు. ఫీజు 17,500 డాలర్లు. అడ్మిషన్సు ఆవిడ ట్యాబ్లెట్ నావైపు తిప్పి ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ అంటూ వేలితో చూపించుకుంటూ పోయింది. పదకొండు సంతకాలు. ఈ కోర్సు చేసి బయటికెళ్ళినవాళ్ళు ఎంత సంపాదిస్తున్నారన్న ముక్క ఆ పదకొండింట్లో ఎక్కడా లేదు. ఫెడరల్ లోను 9,500 వచ్చింది. మిగతా 8,000 మావారి క్రెడిట్ కార్డు మీద గీకాం.

2020 ఫిబ్రవరిలో ఉద్యోగం దొరికింది. గంటకి 14 డాలర్లు, వారానికి 28 గంటలు. వారానికి 30 గంటలయితే ఫుల్‌టైమ్ కింద లెక్క, క్లినిక్‌కి హెల్త్ ఇన్సూరెన్సు ఇచ్చే గొడవ మొదలవుతుంది. అందుకే 28. ఏడాదంతా ఒక్కరోజు మానకుండా చేస్తే 20,384 డాలర్లు. టెక్సస్‌లో ఈ పనికి లైసెన్సు అక్కర్లేదు. నా పక్కన బీపీ చూసే అమ్మాయికి ఏ సర్టిఫికెట్టూ లేదు, క్లినిక్‌లోనే నేర్చుకుంది. ఆ పిల్లకీ 14, నాకూ 14.

ఇప్పుడు మీ శాఖ సూత్రం నాకు పెట్టి చూడండి. కోర్సు తెచ్చే సంపాదన దాని అప్పుకి తగ్గట్టుందా అని చూసే గెయిన్‌ఫుల్ ఎంప్లాయ్‌మెంట్ నిబంధన ప్రకారం ఏడాది అప్పు వాయిదాలు సంపాదనలో 8 శాతం దాటకూడదు. పదేళ్ళ గడువుకి నా లోను వాయిదా నెలకి సుమారు 99 డాలర్లు. ఏడాదికి 1,200 లోపే, అంటే 6 శాతం కూడా లేదు. శుభ్రంగా పాస్! క్రెడిట్ కార్డు అప్పు ఆ లెక్కలోకి రాదు మరి. ఫెడరల్ లోనుకి పరిమితి ఉంది కాబట్టి ఇలాంటి చిన్న కోర్సులు అప్పు పరీక్షలో ఇట్టే గట్టెక్కుతాయి. వాటిని పట్టుకునేది రెండో పరీక్ష: కోర్సు చేసినవాళ్ళ మధ్యస్థ సంపాదన (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ ఉండేది), ఆ రాష్ట్రంలో హైస్కూలుతో ఆపేసి పనిలో ఉన్న 25–34 ఏళ్ళవాళ్ళ సంపాదన కంటే ఎక్కువుండాలన్నది.

ఈ నిబంధన బతుకు కూడా చిత్రంగానే సాగింది. 2014లో తెచ్చారు, నేను సంతకాలు పెట్టిన 2019లోనే రద్దు చేశారు, 2023లో మళ్ళీ తెచ్చారు. 2025 జూలైలో వచ్చిన కొత్త చట్టం డిగ్రీలకి సంపాదన పరీక్ష పెట్టి, డిగ్రీకి ముందు స్థాయి సర్టిఫికెట్లని మాత్రం వదిలేసింది. అదే చట్టంలో, 8 నుంచి 15 వారాల కోర్సులకి పెల్ గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం) ఇస్తూ, వాటి ఫీజు ఆ చదువు తెచ్చిపెట్టే అదనపు ఆదాయాన్ని మించకూడదన్నారు. ఎంత మంచి షరతు! మూడు నెలల కోర్సుకి ఉన్న ఈ షరతు తొమ్మిది నెలల కోర్సుకి ఎందుకు లేదో నాకు బోధపడలేదు.

స్కూళ్ళ వాదనా విన్నాను. జీతం తక్కువిచ్చేది క్లినిక్కులు, మమ్మల్నంటే ఎలా, ఇందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లల కోసం తక్కువ గంటలు చేస్తారు అంటారు. సగం నిజమే. అయితే ఆ జీతం సంగతి నాకంటే ముందు వాళ్ళకి తెలుసు. తెలిసీ 17,500 రేటు పెట్టారు. కమ్యూనిటీ కాలేజీలో ఇదే కోర్సు ఎంత తక్కువో, ఇన్సూరెన్సు ఫోన్లో పాట వింటూ వెతికితే అప్పుడు తెలిసింది నాకు.

2015లో కొరింథియన్ అనే ప్రైవేటు సంస్థ కాలేజీలు రాత్రికి రాత్రి మూతపడ్డాయి. వాళ్ళు అమ్మిన చదువుల్లో మెడికల్ అసిస్టింగ్ ఒకటి. 2022లో మీ శాఖే 5,60,000 మంది అప్పు, 580 కోట్ల డాలర్లు, కొట్టేయాల్సి వచ్చింది.

సర్టిఫికెట్లకి మిగిలిన అడ్డు 2023 నిబంధన ఒక్కటే. దాన్ని తీసేయకండి. ఫెయిలైన కోర్సుల సంగతి తర్వాత, ముందు ప్రతి కోర్సుకీ మొదటి సంతకం కంటే పైన ఒక కాగితం ఉండేలా చూడండి. ఫీజు ఎంత, చదివి వెళ్ళినవాళ్ళ అప్పు ఎంత, ఇదే స్కూలు నుంచి వెళ్ళినవాళ్ళ సంపాదన ఎంత అన్నవి అందులో ఉండాలి. దేశం మొత్తం లెక్క మాకొద్దు. లేబర్ బ్యూరో లెక్కలో 2024 మేలో ఈ ఉద్యోగం మధ్యస్థ జీతం ఏడాదికి 44,200 డాలర్లు. ఇరవై ఏళ్ళ సర్వీసు వాళ్ళూ, కాలిఫోర్నియా ఆసుపత్రుల వాళ్ళూ అందులోనే ఉన్నారు. స్కూలు కరపత్రంలో పెద్ద అక్షరాల్లో వేసేది మాత్రం దాన్నే.

ఆ కరపత్రం నా దగ్గర ఎందుకుందంటే, మా అపార్ట్‌మెంట్లోనే కింద ఉండే ఒకావిడ నిన్న తెచ్చిచ్చింది. మొన్ననే గ్రీన్‌కార్డు వచ్చింది, చిన్నబ్బాయి స్కూలుకి వెళ్తున్నాడు, ఇంక నేనూ ఏదైనా చేస్తానక్కా అంది. నా లెక్కంతా చెప్పాను. విని, "వాళ్ళు గ్యారంటీ అంటున్నారుగా అక్కా" అంది. ఆవిడ అపాయింట్‌మెంటు శనివారం పదిన్నరకి.

ఇట్లు,
ఒక మెడికల్ అసిస్టెంట్